అంగన్‌వాడీలో మట్టి ముద్ద కూడా పాఠమే

పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే చాలు, అనకాపల్లి జిల్లాలో ఏ ఊరి రావిచెట్టు కిందికైనా పసుపుపచ్చ వ్యాను ఒకటి వచ్చి ఆగుతుంది. మెడకు టై, వీపున సంచి, కాళ్లకు బూట్లు. మూడేళ్లు నిండీ నిండని పసివాడు నిద్రకళ్లతోనే అందులోకి ఎక్కుతాడు. అయిదారు మైళ్ల దూరంలోని కాన్వెంటులో వాడికి ఆ రోజు పలక నిండా అక్షరాలు దిద్దే పని ఉంటుంది. వాడి ఇంటికి నాలుగడుగుల దూరంలోనే అంగన్‌వాడీ ఉంది. కాని అక్కడికి వాడి చెల్లెలికి టీకా వేయించడానికో, తల్లి పప్పూ నూనే తెచ్చుకోవడానికో తప్ప ఆ ఇంటివారు వెళ్లరు.

ఎందుకని అడిగితే ఆ తల్లి చెప్పే జవాబు సూటిగానే ఉంటుంది. "అక్కడ ఏటుందండి? గుడ్డు పెడతారు, అన్నం పెడతారు. సదువు ఎక్కడ సెప్తారు?" అని. పోనీ, ఏ ఊళ్లోనైనా ఉత్సాహం ఉన్న టీచరమ్మ పిల్లల ముందు మట్టి ముద్దలో, ఆకులో, గింజలో పెట్టి ఏదైనా చేయించబోతే మర్నాడే ఫిర్యాదు వస్తుంది. "మట్టిలో ఆడుకోడానికైతే మా వాకిట్లో మట్టి లేదేటి టీచరమ్మా? పంపడం దేనికి?"

ఈ ప్రశ్నను చదువురాని వారి మాట అని కొట్టి పారేయడానికి లేదు. ఎండలో చెరకు నరికి, అచ్యుతాపురం కంపెనీల్లో షిఫ్టు చేసి, బిడ్డ తమలా కాకూడదని రూపాయి రూపాయి కూడబెట్టే తల్లిదండ్రులు వీరు. బిడ్డకు చదువు వస్తున్నదో లేదో తెలుసుకోవడానికి వారి చేతిలో ఉన్న కొలత పలక ఒక్కటే. పలక మీద 'అ' కనబడితే చదువు వచ్చినట్టు, కనబడకపోతే రానట్టు. కాన్వెంటు వారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వారు ఆ పలకనే చూపిస్తారు.

అయినా ప్రశ్నకు జవాబు ఉంది. వాకిట్లో మట్టీ, అంగన్‌వాడీలో మట్టీ ఒకటే. తేడా పక్కన కూర్చునే మనిషిలో ఉంది. వాకిట్లో పిల్లవాడు మట్టి పిసుకుతుంటే "ఛీ, లే!" అనే మాటే వినబడుతుంది. అంగన్‌వాడీలో టీచరమ్మ పక్కన కూర్చుని, "నీ ముద్ద పెద్దదా, చిట్టి ముద్ద పెద్దదా? నీళ్లు ఇంకొంచెం పోస్తే ఏమవుతుంది? ఎండలో పెడితే రేపటికి ఎలా ఉంటుంది?" అని అడగాలి. పిల్లవాడు చెప్పాలి. తప్పు చెప్పినా ఫరవాలేదు, మర్నాడు ఎండిన ముద్ద పగిలి వాడికే అసలు సంగతి చెబుతుంది. ఈ అడగడం, చూడడం, చెప్పడం ఉంటేనే మట్టి పాఠం అవుతుంది. అవి లేకపోతే ఆ తల్లి అన్నదే నిజం, మట్టి వాకిట్లోనూ ఉంది.

లేత మణికట్టు

పలకా బలపం ఎందుకు తొందర పడకూడదో పశువులను పెంచే రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఏ రైతూ కోడెదూడ మెడ మీద కాడి పెట్టడు. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి మాత్రమే. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడుతుంది. మూడేళ్ల బిడ్డకు వాటిలో రెండో మూడో మాత్రమే ఎముకగా మారి ఉంటాయి. చివరి ఎముక గట్టిపడేసరికి తొమ్మిది, పది, ఒక్కోసారి పన్నెండేళ్లు కూడా వస్తాయి. వేళ్ల కండరాలకూ అప్పటికింకా పట్టు రాదు. అటువంటి చేతికి బలపం ఇచ్చి గీత దాటకుండా దిద్దమంటే వాడు పిడికిలి బిగించి, పళ్లు కొరికి దిద్దుతాడు. కాసేపటికి ఏడుస్తాడు. తర్వాత బడి అంటేనే ఏడుస్తాడు.

అదే చేయి మట్టి పిసికితే, పూసలు దారానికి గుచ్చితే, చింతపిక్కలు ఒక్కొక్కటే ఏరితే, ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి గీత పోస్తే రేపు బలపం పట్టడానికి కావలసిన బలమంతా ఏడుపు లేకుండానే వస్తుంది. ఇసుక పళ్లెంలో వేలితో సున్నా చుట్టిన పిల్లకు అయిదేళ్లు వచ్చాక 'ఠ' రాయడం ఎంత పని?

లెక్కల సంగతీ ఇంతే. ఇరవై దాకా ఒకట్లు గడగడా అప్పగించే నాలుగేళ్ల పిల్లవాణ్ణి, "అయిదు చింతపిక్కలు ఇయ్యి నాయనా" అని అడిగి చూడండి. గుప్పెడు తీసి చేతిలో పోసేవారే ఎక్కువ. వాడికి అంకెల పాట వచ్చింది గాని అంకె రాలేదు.

ఇంట్లోనే చేసి చూడదగ్గ పరీక్ష మరొకటి ఉంది. స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే అనే పండితుడు పసిపిల్లల ఆలోచనను ఏళ్ల తరబడి గమనించి చెప్పినది ఇది. ఒకే మాదిరి గ్లాసులు రెండింటిలో మజ్జిగ సమానంగా పోయాలి. "రెండూ ఒకటేనా?" అంటే బిడ్డ "ఒకటే" అంటాడు. వాడి కళ్ల ముందే ఒక గ్లాసులోని మజ్జిగను సన్నటి పొడుగాటి గ్లాసులోకి వంచి మళ్లీ అడగాలి. నాలుగేళ్ల వాడు పొడుగు గ్లాసునే చూపించి "ఇందులో ఎక్కువ" అంటాడు. కోప్పడి, బతిమాలి, పదిసార్లు చెప్పినా లాభం ఉండదు. ఆరేడేళ్ల వయసులో, చాలాసార్లు పోసీ వంచీ చూసిన మీదట, "ఎక్కడ పోసినా అంతే గదా" అని వాడే అంటాడు. నీళ్ల తొట్టి, నాలుగు డబ్బాలు, ఒక గరాటు ఇచ్చి ఆడనిస్తే కలిగేది ఈ జ్ఞానమే. చూసేవారికి మాత్రం అది చొక్కా తడుపుకోవడంలా కనబడుతుంది.

పల్లెలో లేనిదేమిటి?

ప్రకృతి పాఠం అనీ, విజ్ఞానశాస్త్రం అనీ పెద్ద పేర్లు పెడితే ఇవేవో పట్నపు బడుల సామగ్రి అనిపిస్తుంది. నిజానికి పట్నం బడులు పెసలూ మినుములూ డబ్బాల్లో పెట్టి పిల్లలకు చూపించడానికి అవస్థ పడుతున్నాయి. పల్లెలో అవి చేను నిండా ఉన్నాయి.

నారు పోయబోయే ముందు రైతు వంద గింజలు తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూసుకుంటాడు. అంగన్‌వాడీ పిల్లలు చేయవలసినదీ అదే. కాకపోతే వంద అక్కరలేదు, పది పెసలు చాలు. తడిగుడ్డలో రాత్రి పెడితే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలక బయటపడుతుంది. వాటినే రెండు కొబ్బరిచిప్పల్లో మట్టి పోసి నాటి, ఒకటి ఎండ తగిలేచోట, మరొకటి కుండ కింద చీకట్లో ఉంచితే వారం తిరక్కుండానే వింత కనబడుతుంది. చీకట్లోని మొక్క ఎండలోని దానికంటే పొడుగ్గా, పాలిపోయి, మెడ వాల్చి ఉంటుంది. "పొడుగైంది గదా, ఇదే బాగుందా?" అని టీచరమ్మ అడగాలి. పిల్లల్లో వాదన పుడుతుంది. ఆ వాదనకు ఏ పుస్తకమూ సాటిరాదు.

మధ్యాహ్నం పెట్టే గుడ్డునే తీసుకోండి. ఉడకబెట్టే ముందు చెంబులోని మంచినీళ్లలో వేస్తే మునుగుతుంది. రెండు గుప్పెళ్ల ఉప్పు వేసి కలిపితే అదే గుడ్డు పైకి తేలుతుంది. ఉప్పు వేయకుండానే తేలితే అది పాత గుడ్డని వంటచేసే ఆయమ్మకు తెలుసు. లోపల నీరు తగ్గి గాలి అర పెరగడం వల్ల అలా తేలుతుంది. గుడ్డు లెక్క రిజిస్టరులోకి ఎక్కడంతోనే దాని పని అయిపోతున్నది గాని, కాసేపు చెంబులోకి దిగితే అది పాఠం కూడా అవుతుంది.

బెల్లం ముక్క నీళ్లలో వేస్తే కరుగుతుంది, ఇసుక వేస్తే కరగదు. అనకాపల్లి బెల్లం తెలియని వారు దేశంలో తక్కువ. గానుగ దగ్గర రసం, పెనంలో పాకం, అచ్చులో దిమ్మ. ఒకే సరుకు మూడు రూపాలు మారడాన్ని ఈ జిల్లా పిల్లలు కళ్లారా చూడగలరు. సీజనులో ఒక్కసారి ఊరి పక్కనున్న బెల్లం క్రషరు దగ్గరకు పిల్లలను నడిపించుకుపోతే ఎవరు వద్దంటారు? పొయ్యికి దూరంగా నిలబెట్టాలి, అంతే. రేవుపోలవరం, పూడిమడక వైపు పిల్లలకైతే గవ్వలూ, శంఖాలూ, పోటూ పాటూ ఉన్నాయి. కొండకర్ల ఆవ చుట్టుపట్ల ఊళ్లవారికి పిట్టలకు కొదవ లేదు. ఏ పిట్ట ముక్కు ఎలా ఉంది, ఏది నీళ్లలో నిలబడుతుంది, ఏది ఈదుతుంది అని ఒడ్డు మీద కూర్చుని చూస్తే చాలు. పేరు తెలియకపోయినా నష్టం లేదు, ఊళ్లో పిలిచే పేరు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది.

ఇక రంగులు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయని దిష్టి తీసే ప్రతి ముత్తయిదువకూ తెలుసు. ఆ ఎర్రనీళ్లలోనే చింతపండు పులుసు కొద్దికొద్దిగా పోస్తే మళ్లీ పసుపు రంగు తేలుతుందని మాత్రం చాలామంది చూసి ఉండరు. హైస్కూలులో ఆమ్లాలు, క్షారాలు అని చెప్పే పాఠానికి మొదటి మెట్టు హారతి పళ్లెంలోనే ఉందన్నమాట. నీలి శంఖుపూల రసంలో నిమ్మరసం పిండితే అది ఊదారంగుకు తిరుగుతుంది. ఈ రంగులనే కాగితం మీద వేలితో అద్దుకుంటే బొమ్మ. దానికి కంపెనీ రంగుపెట్టె అక్కరలేదు.

కాన్వెంటు పుస్తకంలో యాపిల్ బొమ్మకు గీత దాటకుండా ఎర్రరంగు వేయించడం చిత్రకళ అని కొందరి భ్రమ. పిల్లవాడు గోడమీద బొగ్గుతో గీసిన గేదె, దానికి ఆరు కాళ్లున్నా సరే, వాడు చూసిన గేదె.

బొమ్మల ఊరు ఈ జిల్లాలోనే

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను చిత్రిక పట్టి, లక్కలో ఆకుల, గింజల, వేళ్ల రంగులు కలిపి అద్దే బొమ్మలు ఆ ఊరివి. తిరిగే బొమ్మకు లక్క కణికను ఒత్తిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ప్రకృతి రంగుల విద్యను తిరిగి నిలబెట్టిన అక్కడి చింతలపాటి వెంకటపతిరాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. పసివాడు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ అని ప్రపంచమంతా మెచ్చుకుంటుంటే, పక్క ఊరి అంగన్‌వాడీలో ఆ బొమ్మలకు బదులు ప్లాస్టిక్ సామానులు ఉండడం ఏం న్యాయం? జిల్లా అధికారులు తలచుకుంటే ఇది పెద్ద పని కాదు. గుండ్రటి బొంగరం, ఒకదాన్లో ఒకటి దూరే గిన్నెలు, దారానికి గుచ్చే పెద్ద పూసలు చాలు. అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టే బొమ్మలు పిల్లలకెందుకు?

ఆ మాటకొస్తే బొమ్మలన్నీ కొననూ అక్కరలేదు. తాటిముంజెలు తిన్నాక మిగిలిన కాయలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుపోయే బండిని తాతలందరూ చిన్నప్పుడు చేసినవారే. చక్రమూ ఇరుసూ అంటే ఏమిటో ఆ బండి కంటే బాగా చెప్పే యంత్రం లేదు. ఎండాకాలంలో ఒక పూట ఊరి తాతను అంగన్‌వాడీకి పిలిచి చేయించవచ్చు.

పేరులోనే ఉన్న సంగతి

అంగన్‌వాడీ అన్న మాటలోని 'అంగన్' మన 'అంగణం', అంటే ముంగిలి. మహారాష్ట్రలో తారాబాయి మోదక్ అనే విద్యావేత్త, ఆమె సహచరి అనుతాయి వాఘ్ 1945 నుంచి బోర్డీ అనే సముద్రతీర గ్రామంలోనూ, 1957 నుంచి కోస్‌బాడ్ కొండమీది వార్లీ గిరిజనుల నడుమనూ పసిపిల్లల బడులు నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వారి ముంగిటికి తీసుకుపోయారు. ఇటలీకి చెందిన మాంటిసోరి అమ్మగారి పద్ధతి వారికి తెలుసు. కాని ఆ పద్ధతిలోని ఖరీదైన కొయ్య సామగ్రి కొనే డబ్బు లేదు. గులకరాళ్లు, గవ్వలు, ఆకులు, పుల్లలు, గింజలతోనే ఆ పని సాధించారు. అంటే ముంగిట్లో, ఊళ్లో దొరికే వస్తువుతో నేర్పడం అంగన్‌వాడీకి ఎవరో కొత్తగా తగిలించిన సోకు కాదు. పుట్టుకే అది.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలయింది. పథకం చెప్పిన ఆరు సేవల్లో బడికి ముందటి చదువు ఒకటి. తక్కినవి పోషకాహారం, టీకాలు, వైద్యపరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యబోధ. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 55 వేల పైచిలుకు. ఆహారం ఊరికి తెలిసింది, టీకా తెలిసింది. చదువు మాత్రం కాగితం మీదే మిగిలిపోయిన ఊళ్లు ఎన్నో.

అది టీచర్ల తప్పని ఒక్కమాటలో తేల్చేయడం అన్యాయం. బరువులు తూచాలి, ఎత్తులు కొలవాలి, సరుకులు దించుకోవాలి, గర్భిణుల ఇళ్లకు తిరగాలి, సర్వేలు చేయాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అని సెల్‌ఫోనులో రాసే పని ఒకటి తోడయింది. సిగ్నలు లేని ఊళ్లో ఆ ఫోను పట్టుకుని టీచరమ్మ డాబా ఎక్కితే కింద పిల్లలకు పెసల మొలక చూపించేదెవరు? 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి రాష్ట్రంలో అంగన్‌వాడీ సిబ్బంది 42 రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమన్నది అందులో ప్రధానమైన కోరిక. పసిపిల్లల చదువు ఇంత ముఖ్యమని చెప్పే ప్రభుత్వాలు దాన్ని చెప్పే మనిషికి ఇచ్చేది నేటికీ గౌరవ వేతనమే.

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశ అన్నది. 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక ఆటతో, బొమ్మతో, ఊళ్లో దొరికే వస్తువుతో నేర్పమన్నది. 2023 మేలో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' పేర రోజుకు కనీసం రెండు గంటలు చదువుకు కేటాయించాలన్నది. మాటలన్నీ బాగున్నాయి. ఆ రెండు గంటలూ టీచరమ్మను ఫోనుకూ, రిజిస్టరుకూ, మీటింగుకూ పిలవకుండా ఉంటేనే వాటికి విలువ.

జాగ్రత్తలు

పెద్దవాళ్ల భయాల్లో నిజం లేకపోలేదు. మట్టిలో ఆడితే ఏలికపాములు వస్తాయని నాయనమ్మలు అంటారు, సబబే. పశువుల పాక దగ్గరి మట్టి వాడకూడదు, ఎండలో ఆరబెట్టి జల్లించిన మట్టే తీసుకోవాలి, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించాలి. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఇచ్చే నులిపురుగుల మందు తప్పక వేయించాలి. గింజలు ముక్కులో, చెవిలో దూర్చుకునే వయసు గనుక మూడేళ్ల వారికి చింతపిక్కలు ఇచ్చినప్పుడు పెద్దవారి కన్ను ఉండితీరాలి. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా పిల్లల దగ్గరకు రానివ్వరాదు, అవి విషం. ఆముదం గింజలూ, ఉమ్మెత్త కాయలూ అంతే. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు, దాన్ని టీచరమ్మే కలపాలి. నీళ్ల తొట్టి జానెడు లోతు మించకూడదు, ఆట కాగానే వంచేయాలి.

ఇక మిగిలింది తల్లిదండ్రుల పని. నెలకోసారి తల్లులను పిలిచి పిల్లలు చేసినవి చూపించాలన్న నియమం అంగన్‌వాడీలకు ఉంది. ఆ రోజు వెళ్లాలి. వెళ్లి, "అఆలు ఎంతవరకు వచ్చాయి?" అని టీచరమ్మను కాకుండా, "ఇదేంట్రా నాన్నా, ఎలా చేశావు?" అని బిడ్డను అడగాలి. ఒకటో తరగతిలో చేరే ఏడు అక్షరాలు దిద్దించమని కోరడం న్యాయమే. అయిదేళ్ల వారికి టీచర్లు ఆ పని చేయాలి కూడా. మూడేళ్ల వాడికి వద్దు.

పంచాయతీల వల్ల అయ్యేదీ కొంత ఉంది. అద్దె గదిలో, ఇరుకులో నడిచే కేంద్రాలకు ముందు ఒక పంచ కావాలి. నాలుగు చదరపు గజాల చోటు, తడి తగిలే మడి, వేసవిలో ఒక నీడ కావాలి. బడులు జూన్‌లో తెరుస్తారు గనుక మే నెలాఖరుకే ఇవి చూసుకోవచ్చు. ఇసుక ఏటి నుంచి ఒక బండి వస్తే ఏడాదంతా సరిపోతుంది. బంకమట్టి మాటకొస్తే, పసిపిల్లలకని చెప్పి ఏ కుమ్మరి వాకిట్లో తట్ట పెట్టినా ఖాళీగా తిప్పి పంపరు. దానికి గ్రామసభ తీర్మానం కూడా అవసరం లేదు.